నాన్న మరిచిన నాలుగంకెలు

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు. ముఖ్యమైన సంగతులు ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాం.

"మా నాన్నకి 71 ఏళ్లు. 1996లో కొత్తగా కొన్న పెట్రోల్ కారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఫ్రెంచి కంపెనీది. గేర్ రాడ్ ముందు చిన్న కీప్యాడ్ ఉంటుంది. తాళం తిప్పగానే అందులో ఎర్ర లైటు వెలుగుతుంది. నాలుగంకెల కోడు కొడితే పచ్చ లైటు వచ్చి బండి స్టార్ట్ అవుతుంది. ఇన్నేళ్లూ నాన్న ఒక్కరే నడిపారు. చూడకుండానే టకటకా కొట్టేసేవారు. నిరుడు డాక్టర్లు ఆయనది అల్జీమర్స్ తొలి దశ అన్నారు. అప్పటినుంచి, ఎనిమిది నెలలుగా, కారు కదల్లేదు. ఇప్పుడు ఆయన్ని ఆసుపత్రికి తిప్పడానికి కారు కావాలి. అమ్మకి డ్రైవింగ్ వచ్చు. కానీ కోడు ఎవరికీ తెలీదు. కారుతో ఇచ్చిన కోడు కార్డు ఇల్లు మారినప్పుడు ఎటు పోయిందో! అన్నయ్య ఒక సాయంత్రం కూర్చుని పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పాత ఫోన్ నంబర్లు అన్నీ కలిపి 11 నంబర్లు కొట్టాడు. ఆ తర్వాత కీప్యాడ్ పలకడమే మానేసింది. రాత్రంతా బ్యాటరీ వైరు తీసి ఉంచినా లాభం లేకపోయింది. ఒక మెకానిక్ అరగంటలో బైపాస్ చేసేస్తానంటున్నాడు. ఇంకొకాయన కంప్యూటరే మార్చాలంటున్నాడు. అన్నయ్య తుక్కుకి ఇచ్చేద్దామంటాడు. ఆ మాట వింటే అమ్మ ఏడుస్తుంది. నాన్నని అడిగితే అడిగినప్పుడల్లా ఒక్కో నంబరు చెబుతారు. మొన్న అన్నయ్య గట్టిగా అడిగేసరికి కోపంతో చేతిలో గ్లాసు విసిరి, తర్వాత గదిలోకి వెళ్లి ఏడ్చారు. మళ్లీ ఆయనే రోజూ 'కారు తాళాలేవి, ఒక రౌండు వేసొస్తా' అంటారు. నాన్నని అడగడం మానేయాలా? ఏ మెకానిక్ మాట వినాలి?"

సమాధానం

మీ అన్నయ్య కొట్టిన ఆ 11 నంబర్లతో మొదలుపెడతాను. అవన్నీ తప్పని తేలిపోయాయని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నట్టున్నారు. తేలలేదు. ఇలాంటి కీప్యాడ్లు వరుసగా కొన్ని తప్పులు పడగానే కొంతసేపు తలుపు మూసేసుకుంటాయి. మూసుకున్నాక కొట్టిన నంబరు సరైనదే అయినా దాన్ని పట్టించుకోవు. అంటే మొదటి మూడో నాలుగో మాత్రమే నిజంగా పరీక్షకి వెళ్లాయి. మిగిలిన ఏడెనిమిది నంబర్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఆ జాబితా అన్నయ్యకి గుర్తున్నంతవరకు, కొట్టిన వరుసలోనే ఇవాళే కాగితం మీద రాయించండి. అది పనికొచ్చే కాగితం.

బ్యాటరీ వైరు తీయడం వల్ల లాభం ఎందుకు లేకపోయిందో కూడా చెప్పాలి. కోడు ఉండేది కరెంటు పోతే చెరిగిపోయే మెమొరీలో కాదు. ఇంజిన్ కంప్యూటర్లోనో, ఇమ్మొబిలైజర్ (సరైన కోడు పడితేగాని ఇంజిన్‌ని నడవనివ్వని దొంగతనాల అడ్డు) పెట్టెలోనో ఉండే ఒక చిన్న చిప్పులో రాసి ఉంటుంది. బ్యాటరీ ఏళ్ల తరబడి లేకపోయినా అది చెక్కుచెదరదు. వైరు తీస్తే కోడు పోతుందన్నది రేడియో సెట్ల దగ్గరనుంచి వచ్చిన అపోహ. నిజానికి రేడియో కూడా వైరు తీస్తే తెరుచుకోదు, ఇంకా కోడు అడుగుతుంది. పైగా చాలా కీప్యాడ్లలో ఆ మూసివేత సమయం ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే లెక్కకి వస్తుంది. వైరు తీస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. మీరు రాత్రంతా ఆగారు, కీప్యాడ్ యూనిట్ దృష్టిలో ఒక్క నిమిషం కూడా గడవలేదు.

కాబట్టి మీ పరిస్థితి మీరు అనుకున్నంత చెడ్డది కాదు. కోడు కారులో భద్రంగా ఉంది. దాన్ని ఎటునుంచి రాబట్టాలన్నదే ప్రశ్న.

కొత్త నంబరు ఒక్కటైనా కొట్టే ముందు బ్యాటరీ సంగతి చూడండి. ఎనిమిది నెలలు ఆగిన కారులో బ్యాటరీ బలంగా ఉండే అవకాశం తక్కువ. వోల్టేజీ తక్కువైతే కీప్యాడ్ సరిగ్గా చదవదు, లైట్లు మిణుకుమంటాయి, సరైన కోడు కూడా తప్పయినట్టు కనిపిస్తుంది. మల్టీమీటర్ పెట్టి చూడండి. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే తక్కువుంటే దాదాపు ఖాళీ. ఛార్జింగ్ నెమ్మదిగా పెట్టాలి. 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 5 ఆంపియర్ల చొప్పున, పది పన్నెండు గంటలు. ఛార్జ్ అయి, ఒక రాత్రి ఆగాక కూడా 12.4 దాటకపోతే బ్యాటరీ పోయినట్టే. దాన్ని మార్చాకే మిగతా పని. పచ్చ లైటు వచ్చిన రోజు సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా మీటరు చూడండి. వోల్టేజీ 9.6 కంటే కిందికి పడుతుంటే స్టార్ట్ కాకపోవడానికి కారణం అదే కావచ్చు. అప్పుడు కోడుని తప్పుపట్టి లాభం లేదు.

తర్వాత కీప్యాడ్. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. 1996 నుంచి మీ నాన్నగారు రోజూ నొక్కింది ఆ నాలుగు మీటలనే. కాబట్టి ముందు అరిగేవీ అవే, లోపలి కాంటాక్టు ముందు పాడయ్యేదీ అక్కడే. సరైన కోడు తెలిసినా, అందులో ఒక్క అంకె పలకకపోతే కారు తప్పనే అంటుంది. యూనిట్ మళ్లీ తెరుచుకున్నాక ప్రతి మీటా నొక్కినప్పుడు బీప్ వస్తోందా, లైటు ఒక్కసారి మెరుస్తోందా చూడండి. కొన్ని మీటలకి వచ్చి కొన్నిటికి రాకపోతే లోపం కీప్యాడ్‌లోనే. విప్పి, రబ్బరు షీటు కింద ఉన్న నల్లటి కార్బన్ చుక్కల్నీ బోర్డు మీది కాంటాక్టుల్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన దూదిపుల్లతో తుడవాలి. గీకకూడదు. గీకితే ఆ పూత పోతుంది. ఒక హెచ్చరిక: ఈ పరీక్షలో నొక్కిన నాలుగు మీటలూ ఒక ప్రయత్నంగా లెక్క పడతాయి. అందుకని ఊరికే నొక్కకుండా, జాబితాలో ఉన్న నంబర్లనే కొడుతూ మీటల్ని గమనించండి. పని కలిసొస్తుంది.

అదే అరుగుదల ఆధారం కూడా. చీకటిపడ్డాక టార్చి లైటు పక్కనుంచి వాలుగా పట్టి కీప్యాడ్ చూడండి. వాడని మీటల మీద అంకె స్పష్టంగా, ఉపరితలం గరుకుగా ఉంటుంది. వాడినవి నున్నగా మెరుస్తాయి, అంకె అంచులు మాసిపోతాయి. నాలుగు మీటలు తేడాగా కనిపిస్తే వాటితో కుదిరే వరుసలు 24 మాత్రమే. మూడే కనిపిస్తే ఒక అంకె రెండుసార్లు వస్తోందన్నమాట, అప్పుడు 36. రెండే అయితే 14. ఏమీ తెలియకుండా 0000 నుంచి 9999 దాకా వెళ్లాలంటే పదివేలు. విడతకి మూడు ప్రయత్నాలు, మధ్యలో అరగంట ఆగాలి అనుకుంటే పదివేలకి రాత్రింబవళ్లు కూర్చున్నా 70 రోజులు పడుతుంది. 24కి ఎనిమిది విడతలు, నాలుగు గంటల్లోపు. మీ యూనిట్‌లో ఆగాల్సిన సమయం అంతకంటే ఎక్కువో తక్కువో ఉండొచ్చు. కొన్ని ప్రతి తప్పుకీ సమయాన్ని పెంచుకుంటూ పోతాయి. కానీ వెతకాల్సింది కొండలో కాదు, గుప్పెట్లో అని ఈ లెక్క వల్ల తెలుస్తుంది. నాన్నగారు మధ్యలో ఎప్పుడైనా కోడు మార్చి ఉంటే అరుగుదల కలగాపులగంగా, అయిదారు మీటల మీద ఉంటుంది. అప్పుడు ఈ ఆధారం మీద ఎక్కువ బరువు పెట్టకండి.

ఇక కాగితాలు. కోడు కార్డు కోసమే వెతికితే దొరక్కపోవచ్చు. కోడు రాసి ఉండగల కాగితాల కోసం వెతకండి. అన్నింటికంటే మంచి చోటు పాత సర్వీసు బిల్లులు, జాబ్ కార్డులు. కారుని ఎప్పుడు గ్యారేజీలో వదిలినా, కోడు చెప్పకపోతే వాళ్లు దాన్ని లోపలికి కూడా తీసుకెళ్లలేరు. అందుకే జాబ్ కార్డు మూలన చేత్తో నాలుగంకెలు రాసుకోవడం ఆ రోజుల్లో మామూలు. మీ నాన్నగారు ఎక్కువ కాలం ఒకే చోట సర్వీసు చేయిస్తే అక్కడి పాత మెకానిక్‌నీ అడగండి, నంబరు ఆయనకే గుర్తుండొచ్చు. ఆ తర్వాత కారు హ్యాండ్‌బుక్ చివరి పేజీలు, సన్ వైజర్ వెనక, ఇన్సూరెన్స్ ఫైలు, నాన్నగారి పాత ఫోన్ డైరీలు. ఆ తరంవాళ్లు రహస్య నంబర్లని ఫోన్ నంబరు వేషంలో రాసుకునేవారు. డైరీలో ఎవరో తెలియని పేరు పక్కన అంకెలు తేడాగా ఉన్న నంబరు కనిపిస్తే చివరి నాలుగూ మీ జాబితాలో చేర్చండి. దొరికిన నాలుగంకెలు రేడియో కోడు కూడా అయి ఉండొచ్చు, ఆ కాలపు చాలా కారు రేడియోలకీ నాలుగంకెలే. ఒకసారి కొట్టి చూడాల్సిందే గాని, అది పనిచేయలేదని దిగులు పడకండి.

కంపెనీ డీలరుని అడగొచ్చు. ఛాసిస్ మీద ఉండే 17 అక్షరాల నంబరు, రిజిస్ట్రేషన్ కాగితం, కారు యజమాని గుర్తింపు, మీరు ఆయన తరఫున వచ్చారనే లేఖ తీసుకెళ్లండి. పాత రికార్డులు ఉంటే ఇస్తారు. కానీ అక్కడ ఉండేది కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చినప్పటి కోడు. యజమాని తర్వాత మార్చుకున్న కోడు ఏ రికార్డులోకీ వెళ్లదు. మీ నాన్నగారు కోడు మార్చారో లేదో మీకు తెలీదు కాబట్టి, అడగడం వల్ల నష్టం లేదు, అదొక్కదాని మీదే ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు నాన్నగారి విషయం. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు: అవును, నంబరు అడగడం మానేయండి. ఈ రోజునుంచే. ఆయన దాస్తున్నారనో, ప్రయత్నించడం లేదనో అనుకోకండి. "ఆ నంబరు ఎంత?" అని అడిగినప్పుడు పనిచేసే జ్ఞాపకం వేరు, చేతులు చేసుకుపోయే జ్ఞాపకం వేరు. అల్జీమర్స్‌లో మొదటిది ముందు దెబ్బతింటుంది. రెండోది చాలామందిలో ఇంకా కొంతకాలం నిలుస్తుంది. సంతకం చేయడం, బొత్తాలు పెట్టుకోవడం, వాయిద్యం వాయించడం లాంటివి. మీరే రాశారు కదా, చూడకుండా టకటకా కొట్టేసేవారని. అంటే ఆ కోడు ఆయనకి అంకెలుగా కాక వేళ్ల కదలికగా గుర్తుండే అవకాశం ఉంది. నోటితో చెప్పమంటే ఒక్కోసారి ఒక్కోటి వస్తోంది కాబట్టి, చేత్తో అడిగి చూడాలి.

ఇలా చేయండి. ఆయన నిద్ర సరిపోయి, మనసు స్థిమితంగా ఉన్న పూట ఎంచుకోండి. అంతకు ముందే బ్యాటరీ నెగిటివ్ వైరు విప్పేయండి. ఇక కారు ఎలాగూ కదలదు, కీప్యాడ్‌కి కరెంటు లేదు కాబట్టి ఏం నొక్కినా తప్పుగా లెక్క పడదు. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచండి. "కారు ఒకసారి చూద్దాం రా నాన్నా" అని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి తాళం చేతికివ్వండి. కోడు అనే మాటే ఎత్తకండి. తలుపు వేయడం, సీటు సర్దుకోవడం, బెల్టు, తాళం, ఆ వెంటనే కీప్యాడ్... ఆ వరుస ఆయన శరీరానికి అలవాటు. ఆ వరుసలో ఏదీ మధ్యలో ఆపకండి, మాట్లాడకండి. మీరు పక్క సీట్లో కూర్చుని ఫోన్‌లో ఆయన చేతిని మాత్రమే వీడియో తీయండి. వేలు ఏ మీట దగ్గర ఆగిందో తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చు. కారు స్టార్ట్ కాలేదేమని ఆయన అడిగితే, "బ్యాటరీ వైరు తీసి ఉంది నాన్నా, పనికి ఇవ్వాలి" అనండి. అది నిజమే కదా. కొంచెం విసుగు కనిపించినా ఆ పూటకి దిగిపోండి.

ఇది తప్పకుండా పనిచేస్తుందని మాట ఇవ్వలేను. ఎర్ర లైటు లేకపోవడం వల్ల చేయి ఆగిపోవచ్చు. వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లు చూడండి, అంతకు మించి వద్దు. రెండు రోజులు ఒకే వరుస వచ్చిందంటే దాన్ని జాబితాలో మొదట పెట్టండి. నాలుగూ రాకపోయినా మొదటి రెండంకెలు ఖాయంగా వస్తే అరిగిన మీటలతో కలిపి చూడండి. 24 వరుసలు కాస్తా రెండుకి దిగుతాయి. అన్నయ్య ఈసారి దూరంగా ఉండటం మంచిది. తప్పు ఆయనదని కాదు. గట్టిగా అడిగిన గొంతు ఎవరిదో నాన్నగారికి గుర్తు లేకపోయినా, ఆ భయం మిగిలి ఉంటుంది.

జాబితా సిద్ధమయ్యాక ఒక రోజు పెట్టుకోండి. బ్యాటరీకి ఛార్జర్ తగిలించే ఉంచి, హెడ్‌లైట్లు, ఫ్యాను, రేడియో అన్నీ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి వదిలేయండి. హ్యాండ్‌బుక్‌లో సమయం రాసి ఉంటే అంతసేపు, లేకపోతే గంట. మధ్యలో తాళం తీయకండి, మీటలు ముట్టుకోకండి. తర్వాత ఒక నంబరు కొట్టి ఫలితం రాసుకోండి. విడతకి రెండు మాత్రమే కొట్టి ఆగడం నా సలహా. మూడో తప్పు దాకా వెళ్లకపోతే మూసివేతే రాకపోవచ్చు. పచ్చ లైటు వచ్చాక కూడా సెల్ఫ్ తిరిగి స్టార్ట్ కాకపోతే అది వేరే రోగం. ఎనిమిది నెలల పాత పెట్రోలు, ఇంధన పంపు, ప్లగ్గులు చూడాలి. అప్పుడు మళ్లీ కోడు జోలికి పోవద్దు.

ఇవేవీ ఫలించకపోతే మెకానిక్‌లు చెప్పిన దారులున్నాయి. వాటిలో తేడా తెలుసుకుని ఒప్పుకోండి.

అరగంటలో బైపాస్ అన్నాయన మాట పాత డీజిల్ కారు విషయంలో అయితే కొంత అర్థముంది. ఆ కాలపు ఫ్రెంచి డీజిళ్లలో ఇంధన పంపు మీద ఉండే స్టాప్ సొలినాయిడ్‌కే (కరెంటుతో ఇంధనాన్ని వదిలే, ఆపే మీట) కోడు తాళం ఉండేది. దానిమీది కవచం విప్పి మామూలు సొలినాయిడ్ పెడితే ఇంజిన్ నడిచేది. మీది పెట్రోల్ ఇంజెక్షన్ బండి. అందులో తాళం వేసుకునేది ఇంజిన్ కంప్యూటర్ లోపలే. బయట ఏ రెండు వైర్లు కలిపినా అది స్పార్కునీ ఇంజెక్టర్లనీ వదలదు. కాబట్టి వైరింగ్ కోసి కలుపుతానంటే ఒప్పుకోకండి. కోడు దొరికిన రోజు కూడా ఆ కోసిన వైరింగ్ మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది.

కంప్యూటరే మార్చాలన్నాయన చెప్పింది జరిగే పనే, కానీ సగమే చెప్పారు. పాత కారునుంచి తీసిన కంప్యూటర్ తెస్తే దానికీ ఆ కారు కోడు ఉంటుంది. ఆ కోడు తెలియకుండా కొంటే మీ చేతిలో తాళం పడిన పెట్టెలు రెండవుతాయి. కొంటే కంప్యూటర్, కీప్యాడ్, కోడు మూడూ కలిపి ఒకే కారునుంచి రావాలి. కంప్యూటర్ లేబుల్ మీది పార్టు నంబరు చివరి అంకెదాకా మీదానితో సరిపోవాలి. ఒకే మోడల్ పేరున్న కార్లలో కూడా ఇంజిన్ రకాన్నిబట్టి ఇది మారుతుంది.

మూడో దారి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. నాకు దీనిమీదే ఎక్కువ నమ్మకం. కారు కంప్యూటర్లు రిపేరు చేసే ఎలక్ట్రానిక్స్ నిపుణుడి దగ్గరికి మీ కంప్యూటర్నే విప్పి పంపడం. లోపల ఎనిమిది కాళ్ల చిన్న మెమొరీ చిప్పు ఉంటుంది. దాన్ని ప్రోగ్రామర్ అనే పరికరంతో చదివి, కోడు తీసి చెప్పొచ్చు, లేదా ఇమ్మొబిలైజర్ భాగాన్ని ఆఫ్ చేసి తిరిగి ఇవ్వొచ్చు. ఇవి రెండు వేర్వేరు పనులు. ఏది కావాలో ముందే చెప్పాలి. చిప్పుని రెండు మూడు సార్లు చదివి ప్రతిసారీ ఒకే డేటా వచ్చిందో లేదో చూసి, ఆ అసలు ఫైలు దాచి, మీకూ ఒక కాపీ ఇస్తారా అని అడగండి. ఇవ్వనంటే ఇంకొకర్ని చూసుకోండి. పొరపాటున రాతలో తేడా వస్తే వెనక్కి రావడానికి ఆ ఫైలు ఒక్కటే దారి. చిప్పుకి తగిలించే క్లిప్పూ ప్రోగ్రామరూ కొనుక్కుని ఇంట్లో చేద్దామని అన్నయ్య అనొచ్చు. చిప్పు ఒకటో కాలు ఏ వైపుందో తప్పుగా గుర్తిస్తే ఒక్క క్షణంలో అది కాలిపోవచ్చు, దాంతో కోడూ పోతుంది. మొదటి ప్రయోగం నాన్నగారి కారు మీద వద్దు. కంప్యూటర్ విప్పేవాళ్లెవరైనా ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగిటివ్ తీసి, కొన్ని నిమిషాలు ఆగాకే కనెక్టర్ లాగాలి. ఇంకొక మాట: కాగితాలేవీ అడక్కుండా కోడు తీసిస్తానన్నవాడి దగ్గరికి వెళ్లకండి. మీ దగ్గర అడగనివాడు దొంగ దగ్గరా అడగడు.

కోడు తీయించడమా, ఇమ్మొబిలైజర్ ఆఫ్ చేయించడమా? మీ ఇంటికి సంబంధించి దీనికి చాలా బరువుంది. ఆఫ్ చేయిస్తే ఇక ఏ కోడూ గుర్తుంచుకోనక్కర్లేదు, అమ్మకి సుఖం. కానీ తాళం దొరికినవాళ్లెవరైనా కారు తీయొచ్చు, మీ నాన్నగారితో సహా. ఆయన రోజూ తాళాలు అడుగుతున్నారని మీరే రాశారు. ఒకరోజు తాళం టేబుల్ మీద మరిచిపోయారనుకోండి. నడపడం చేతులకి వచ్చు, దారి మాత్రం గుర్తుండదు. ఆ రోజు ఆయన్ని ఆపగలిగేది ఆ ఎర్ర లైటు ఒక్కటే. అందుకే ఇంత ఇబ్బంది పెట్టిన ఈ కీప్యాడ్‌ని తీసేయించకుండా, కోడు రాబట్టి, మార్చి ఉంచుకోవడం మీకు మేలని నేను అనుకుంటున్నాను. అమ్మగారికి కోడు కొట్టడం మరీ కష్టమైతే ఆఫ్ చేయించండి, కానీ అప్పుడు తాళం ఎప్పుడూ ఆవిడ ఒంటిమీదే ఉండాలి. ఆఫ్ చేయించిన సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే కారు పోయినప్పుడు క్లెయిమ్‌కి అడ్డం తిరగొచ్చు. నాన్నగారు ఇక నడపవచ్చా లేదా అన్న మాట మీ నోటితో కాక డాక్టరు నోటితో ఆయనకి చెప్పించండి. ఇంట్లోవాళ్ల మాటకంటే ఆ మాటకి ఆయన తొందరగా తలూపుతారు.

తుక్కుకి ఇవ్వడం గురించి అన్నయ్యని కోప్పడకండి. టైర్లు, బ్రేకు గొట్టాలు, టైమింగ్ బెల్టు వయసైపోయి, అన్నీ మార్చాల్సి వస్తే ఆ మాట సబబే అవుతుంది. టైమింగ్ బెల్టు నడిచిన కిలోమీటర్లతోనే కాదు, గడిచిన ఏళ్లతోనూ పాడవుతుంది. కోడు మీద డబ్బు పెట్టే ముందే ఒక మెకానిక్‌తో బండి అడుగుభాగం, బెల్టు చూపించండి. కోడు దొరకలేదన్న ఒక్క కారణంతో మాత్రం ఇవ్వకండి.

ఇదే ఇబ్బంది వేరే కారుతో పడుతున్నవాళ్లకి కొన్ని మాటలు. 1998 అక్టోబరు నాటికి యూరప్‌లో కొత్త కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇమ్మొబిలైజర్ తప్పనిసరి అయింది. అప్పటికే కీప్యాడ్ పోయి తాళంచెవిలో చిప్పు వచ్చేసింది. ఆ చిప్పుకి బ్యాటరీ ఉండదు. రిమోట్ బ్యాటరీ అయిపోయినా బండి స్టార్ట్ కావాలి. అలాంటి కార్లలో కోడు రోజూ అక్కర్లేదు, కొత్త తాళం జతచేయడానికో, అత్యవసరానికో కావాలి. ఫోక్స్‌వాగన్, ఒపెల్ కార్లలో అది నాలుగంకెలు. ఒపెల్‌లో కార్ పాస్ అనే కార్డు మీద ఉంటుంది. ఆ కాలపు కొన్ని రోవర్, ల్యాండ్ రోవర్ బళ్లలో నాలుగంకెల్ని డ్రైవర్ తలుపులో తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చెప్పాలి. పాత ఫియట్లలో కోడ్ కార్డు మీద అయిదంకెలుంటాయి. వాటిని ఎక్కించేది యాక్సిలరేటర్ పెడల్‌తో. ఇగ్నిషన్ ఆన్ చేసి పెడల్ పూర్తిగా తొక్కిపట్టి, డాష్‌బోర్డు మీది ఇంజెక్షన్ లైటు ఆరాక వదిలితే, లైటు మిణుకుమనడం మొదలవుతుంది. మొదటి అంకె ఎంతో అన్ని మిణుకులు లెక్కపెట్టి మళ్లీ తొక్కిపట్టాలి. ఇలా అయిదు అంకెలూ అయ్యాక లైటు గబగబా మిణికితే కోడు అందినట్టు. అప్పుడు తాళం వెనక్కి తిప్పకుండా నేరుగా స్టార్ట్ చేయాలి. ఆపితే మళ్లీ మొదటినుంచీ. ఫియట్ తొలి రకాల్లో ఎర్ర రంగు మాస్టర్ తాళం ఉండేది. కొత్త తాళాలు జతచేయాలంటే అదే కావాలి. అది ఇంట్లో ఉంటే రోజువారీ వాడకానికి తీయకండి.

మళ్లీ మీ దగ్గరికి. పచ్చ లైటు వచ్చిన రోజే కోడు మార్చండి. పాత కోడు కొట్టాకే యూనిట్ కొత్తదాన్ని ఒప్పుకుంటుంది, మీటల వరుస హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. నాన్నగారి వేళ్లకి అలవాటైన నాలుగు మీటలకీ దూరంగా, అమ్మగారికి సులువుగా ఉండే అంకెలు ఎంచుకోండి. అరిగిన మీటలకి కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఆ నంబరు రెండు కాగితాల మీద రాయండి. ఒకటి అమ్మగారి దగ్గర, ఇంకొకటి అన్నయ్య ఇంట్లో. కారులో మాత్రం పెట్టకండి.